గురువారం సీసా

2వ తేదీ, గురువారం

సూపరింటెండెంటు ఇవాళ కుర్చీ చూపించి మరీ కూర్చోమన్నారు. ఆయన కూర్చోమన్నారంటే ఏదో పని అంటగడతారని మా పంపింగ్ స్టేషన్‌లో పిల్లికి కూడా తెలుసు. అనుకున్నట్టే అయింది. ఆఫీసువాళ్ళు ఒక చిన్న పుస్తకం వేస్తున్నారట, అందులో రెండు పేజీలు నేను రాయాలట. ‘ప్రపంచం ఇంకా చమురు మీదే ఎందుకు ఆధారపడుతోంది? మన స్టేషన్ దాని నుంచి ఎలా బయటపడింది?’ పేరు కూడా ఆయనే పెట్టేశారు. నేనే ఎందుకంటే, పద్దెనిమిదేళ్ళుగా ఊళ్ళోని వాననీళ్ళు తోడి కాలవలో పోస్తున్నదాన్ని, ఎండతో నడిచే పంపుల మీద మొదట చెయ్యి వేసినదాన్ని, పైగా నా చేతిరాత గుండ్రంగా ఉంటుందట.

వానలు వెళ్ళాక పాత డీజిల్ ఇంజన్‌ని వేలం వేస్తారు. పుస్తకం ఆ రోజే పంచుతారు. పీడా పోతుంది.

గురువారం పని లాగ్‌బుక్కులో రాశాను. ఇంజను పదిహేను నిమిషాలు, సీసా శుభ్రం.

3వ తేదీ, శుక్రవారం

వ్యాసం మొదలుపెట్టాను. ‘ప్రపంచం చమురుని వదలకపోవడానికి రెండే కారణాలు. ఒకటి అలవాటు, రెండు భయం.’ చదువుకుంటే బాగానే ఉంది. ఎవరో పెద్దమనిషి రాసినట్టుంది.

అలవాటుకి ఉదాహరణగా బాబాయి గురించి రాద్దామనుకున్నాను. మా నాన్న తమ్ముడు, ఈ స్టేషన్‌లోనే ముప్పై ఏళ్ళు మెకానిక్. నాకు ఈ ఉద్యోగం వచ్చిందన్నా, స్పానరు పట్టుకోవడం వచ్చిందన్నా ఆయన చలవే. ఆయనకి గురువారం ఇంజను రోజు. ఉదయం పదింటికి పంపుకి కలిపి సరిగ్గా పదిహేను నిమిషాలు తిప్పేవాడు. తర్వాత ట్యాంకు అడుగున ఉన్న కుళాయి విప్పి, గాజు సీసాలోకి డీజిల్ పట్టి, వెలుతురుకి ఎత్తి చూసేవాడు. నీళ్ళు గానీ నలక గానీ కనిపిస్తే అవి పోయేదాకా వదిలేవాడు. ఆ సీసా మళ్ళీ గురువారం దాకా కిటికీలో ఉండేది, వచ్చేపోయేవాళ్ళంతా చూడాలని. రిటైరైన రోజున నాకు ఆ సీసా ఇచ్చాడు. ఇంకొకళ్ళయితే పెన్ను ఇచ్చేవారు.

అదంతా రాయలేదు. పుస్తకంలో చూసుకుంటే బాధపడతాడు.

5వ తేదీ, ఆదివారం

అక్క ఇంటికి వెళ్ళాను. వాళ్ళది పల్లపు వీధి. ఊళ్ళో ఎక్కడ చుక్క పడ్డా అక్కడికే చేరుతుంది, మేం తోడకపోతే. మధ్యాహ్నం నుంచి వాన మొదలైంది. అక్క అత్తగారు మూడేళ్ళుగా మంచం మీదే ఉంది. మనిషి లేవలేదు గానీ నోరు మాత్రం ఊరంతా తిరిగొస్తుంది. నన్ను చూడగానే, ‘ఏమే, మా వీధికి కాపలాదారువి నువ్వేగా, వాన పడుతుంటే ఇక్కడ టీ తాగుతావేం’ అంది. నవ్వాను.

టీ చల్లారిపోయింది. తాగకుండానే వచ్చేశాను.

7వ తేదీ, మంగళవారం

మూడో రోజు వాన. ఎండ పొడ లేదు. సోలార్ పలకలు పైకప్పు మీద ఊరికే తడుస్తున్నాయి. కరెంటు లైను మీద పంపులు నడుస్తున్నాయి, బ్యాటరీ గది నిండుగా ఉంది, నూటికి తొంభై ఆరు. కంగారేం లేదు.

వ్యాసంలో ఒక లెక్క వేద్దామని చూస్తే చిరాకేసింది. మా బ్యాటరీ గది నాలుగు గదులంత ఉంటుంది, పంపులన్నీ తిరిగితే ఒక రోజుకి చాలదు. వెనక ఉన్న డీజిల్ ట్యాంకు ఒక స్నానాల గదంత. నిండుగా ఉంటే నాలుగు రోజులు తిప్పుతుంది. అంత చిన్న చోట అంత బలం దాక్కుని ఉండేది ఇంకేదీ లేదు. ఎండ రాకపోయినా, లైను తెగినా, పిలిస్తే పలుకుతుంది. ‘అలవాటు, భయం’ అన్న వాక్యం కింద ఇది రాశాను, మళ్ళీ కొట్టేశాను. వేలం వేసేదాన్ని పొగడటం ఏం బాగుంటుంది?

9వ తేదీ, గురువారం

ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను?

నేను ఇంజన్ తిప్పడం లేదు. యాభై ఏడు గురువారాలుగా తిప్పలేదు. ఇవాళ్టితో యాభై ఎనిమిది.

మొదటి గురువారం బ్యాటరీ గది కొత్తగా వచ్చింది, దాన్ని చూడ్డానికి పెద్దవాళ్ళొచ్చారు, తీరిక లేక రేపు తిప్పుదామని రాసేశాను. రేపు తిప్పలేదు. రెండో గురువారం, పోయిన వారం రాసిందీ అబద్ధమేగా, ఇవాళ్టిది కూడా రాద్దామనిపించింది. మూడోసారికి చెయ్యి దానంతట అదే రాసింది. ప్రతిసారీ ఇంజను పక్కనుండే గంటల మీటరు అంకె కూడా రాయాలి. వారానికి పావుగంట చొప్పున కలుపుకుంటూ పోయాను. అసలు మీటరు 2140 దగ్గర ఆగి ఉంది. లాగ్‌బుక్కులో ఇవాళ్టికి 2154న్నర.

నాకు ఇంజను పొగ పడదని చెప్పుకునేదాన్ని. మా ఆయన ఆఖరి ఏడాదంతా దగ్గుతూనే పోయాడు, ఆ పొగ వాసన వస్తే నాకు ఆ గది గుర్తొస్తుంది. అది నిజమే. కానీ పొగ గొట్టం ఇంజన్ గది బయట, గోడ అవతల ఉంది. పోయినవాడి దగ్గుని సాకుగా వాడుకున్నాను.

ఇవాళ ఇంజన్ గది తాళం తీశాను. ట్యాంకు కుళాయి మీద చెయ్యి పెట్టాను. విప్పితే ఏం వస్తుందో చూడాలి కదా. విప్పలేదు. సీసా శుభ్రం అని రాసి వచ్చేశాను.

వాన ఆగలేదు.

10వ తేదీ, శుక్రవారం

రేపు తప్పకుండా చూస్తాను.

11వ తేదీ, శనివారం

మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయింది. సబ్‌స్టేషన్‌లోకి నీళ్ళొచ్చాయట, ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. పంపులు బ్యాటరీ మీద నడుస్తున్నాయి. ఐదింటికి ఎనభై మూడు. ఆరింటికి డెబ్బై తొమ్మిది.

సూపరింటెండెంటు ఫోన్ చేసి, ‘ఇంజను ఉందిగా, మనకేం భయం’ అన్నారు. ఔనండీ అన్నాను.

12వ తేదీ, ఆదివారం

ఉదయం ఎనిమిదింటికి బ్యాటరీ పద్దెనిమిది. కుళాయి విప్పాను.

14వ తేదీ, మంగళవారం

ఇప్పటికి కూర్చోగలిగాను. వరసగా రాయాలి, లేకపోతే తర్వాత నాకు నచ్చినట్టు గుర్తుపెట్టుకుంటాను.

ఆదివారం కుళాయి విప్పితే ముందు నీళ్ళు వచ్చాయి. తర్వాత నల్లటి జిగురు, కాలవ గట్టున పట్టే నాచులాగా తీగలు తీగలుగా. చెంబు నిండింది, బకెట్టు నిండింది, ఇంకా వస్తూనే ఉంది. అయినా తాళం తిప్పాను. ఇంజను లేచింది, నాలుగు నిమిషాలు తిరిగింది, దగ్గి ఆగిపోయింది. మళ్ళీ తిప్పితే లేవలేదు. ఫిల్టర్లన్నీ ఆ జిగురుతో మూసుకుపోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ గదిలో నిలబడి తెలుసుకున్నాను.

సూపరింటెండెంటుకి డీజిల్ పాడైందని చెప్పాను. ఎందుకు పాడైందో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. బాబాయికి ఫోన్ చేశాను. డెబ్బై నాలుగేళ్ళ మనిషి మోకాలి లోతు నీళ్ళలో నడిచి వచ్చాడు. నా చేతిలో బకెట్టు చూశాడు. వంగి గంటల మీటరు చూశాడు. ‘పాత ఫిల్టర్లు ఎక్కడ పెట్టావు’ అని మాత్రం అడిగాడు.

అప్పుడే రెండో షిఫ్టు ఆపరేటరు వచ్చాడు. అతన్ని అందరూ డబ్బా అంటారు. పదేళ్ళ కిందట ఒక డబ్బా డీజిల్ ఇంటికి పట్టుకెళ్ళాడు, ఎవరూ పట్టుకోకముందే తనే వచ్చి ఒప్పుకున్నాడు. అప్పట్నించి అసలు పేరు పోయి ఇదే మిగిలింది. ట్యాంకు వదిలేసి ఇంజన్‌కి నేరుగా ఒక డ్రమ్ము నుంచి గొట్టం కలపాలని, మంచి డీజిల్ కావాలని బాబాయి చెప్పాడు. బంకులు మునిగిపోయాయి, ట్యాంకరు రేపటిదాకా రాదట.

‘ఎవరింట్లో ఎంత డీజిల్ ఉందో నాకు తెలీకపోతే ఇంకెవడికి తెలుస్తుంది’ అన్నాడు డబ్బా. అంటూనే నీళ్ళలోకి దిగాడు.

పన్నెండింటికి బ్యాటరీ ఖాళీ అయింది. పంపులు ఆగాయి. పద్దెనిమిదేళ్ళలో ఆ స్టేషన్‌లో అంత నిశ్శబ్దం నేను వినలేదు. అక్క ఫోన్ చేసింది. నడుం లోతు వచ్చాయట ఇంట్లోకి. అత్తగారిని మోసి మేడ ఎక్కించడానికి మెట్లు ఇరుకు, నలుగురు పట్టినా మలుపు తిరగలేదు. మంచాన్ని భోజనాల బల్ల మీదికి ఎక్కించారట. ‘ఎంతసేపే’ అని అడిగింది అక్క. వచ్చేస్తోంది అన్నాను. ఏం వచ్చేస్తోందో నాకే తెలీదు.

డబ్బాలు రావడం మొదలైంది. బేకరీ అతను పొయ్యికి పెట్టుకున్నది తెచ్చాడు. ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు రెండు తెచ్చారు. పాల వ్యాను ట్యాంకులోంచి గొట్టం పెట్టి నోటితో లాగి పట్టారు. వెల్డింగు షాపు, బోర్లు వేసే లారీ, పెళ్ళిళ్ళకి లైట్లు పెట్టేవాళ్ళ జనరేటరు. భుజాన పెట్టుకుని ఒకరు, నడుమున కట్టుకుని ఒకరు, ఛాతీ లోతు నీళ్ళలో తేలించుకుంటూ ఒకరు. ఇరవై మూడు డబ్బాలు. వరస ముందు నిలబడి ఆ ఆపరేటరే ఒక్కో డబ్బా మూత తీసి వాసన చూసి లోపలికి పంపాడు.

నా వ్యాసానికి సమాధానం ఆ తలుపు దగ్గర వరసకట్టి నిలబడింది. ఊరు ఊరంతా రొట్టె కాల్చినా, పాలు తెచ్చినా, మంచుగడ్డ చేసినా, క్రేను మా సోలార్ పలకల్ని పైకప్పు మీదికి ఎత్తినా, అన్నిట్లోనూ అదే ఉంది. పైగా మునిగిన వీధిలో మనిషి భుజాన పెట్టుకుని ఇంకో మనిషికి ఇవ్వగలిగింది అదొక్కటే. ఎండని డబ్బాలో పట్టి అలా తెచ్చివ్వడం ఇంకా మనకి చేతకాలేదు. అవసరం లేనప్పుడు దాన్ని తిట్టడం, మునిగేటప్పుడు దాని కాళ్ళు పట్టుకోవడం. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. నేనూ అంతే.

మూడింటికి బాబాయి గొట్టంలో గాలి తీసి తాళం తిప్పమన్నాడు. లేచింది. మంగళవారం తెల్లవారి ఐదింటికి కరెంటు వచ్చేదాకా ఆగలేదు. ముప్పై ఎనిమిది గంటలు. మధ్యలో సోమవారం ట్యాంకరు వచ్చింది. సూపరింటెండెంటు ముప్పై ఎనిమిది అన్న అంకె కనపడ్డవాళ్ళందరికీ చెబుతున్నారు, ఆయనే తిప్పినట్టు.

నీళ్ళు అత్తగారి మంచానికి జానెడు కింద ఆగాయట. ‘జానెడు’ అని అక్క చేత్తో కొలిచి చూపించింది.

15వ తేదీ, బుధవారం

డబ్బాని సస్పెండ్ చేశారు.

సూపరింటెండెంటు లాగ్‌బుక్కు ముందేసుకుని నాకు చక్కగా వివరించారు. తొమ్మిదో తేదీన సీసా శుభ్రం. పన్నెండో తేదీన ట్యాంకు నిండా నీళ్ళు, మురికి. అంటే ఆ మూడు రోజుల్లో ఎవరో డీజిల్ తీసి, మట్టం తగ్గకుండా మురికి నీళ్ళు పోశారు. తాళాలు ఇద్దరి దగ్గరే ఉన్నాయి. ఒకరు నేను, నన్ను ఆయన అనుమానించరు. ‘నీ చేతిరాతే పట్టిచ్చిందమ్మా అతన్ని’ అన్నారు మెచ్చుకోలుగా. ఏ ఇంట్లో డీజిల్ ఉందో అంత బాగా ఎలా తెలుసు అన్నది కూడా కాగితంలో రాశారు.

ఆ జిగురు ఏడాది పాతదని డబ్బా చెప్పాడట. సూపరింటెండెంటు నవ్వారట.

నేనేం అనలేదు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు కూడా. అడిగితే చెప్పేదాన్నేమో. సస్పెన్షనంటే ఉద్యోగం పోయినట్టు కాదు, విచారణలో ఏదీ తేలకపోతే వెనక్కి తీసుకుంటారు. అతను పదేళ్ళ కిందట నిజంగానే తీశాడు కదా. అలాంటివాడు ఎప్పుడో ఒకసారి

ఈ వాక్యం పూర్తి చేయను.

16వ తేదీ, గురువారం

సోమవారం తనిఖీకి పైనుంచి ఇంజనీరు వస్తున్నాడు. ఆయన మీటరు చూస్తాడు. అసలు మీటరు ఇప్పుడు 2178. పుస్తకం ప్రకారం 2154న్నరకి ముప్పై ఎనిమిది కలిపితే 2192న్నర ఉండాలి. పద్నాలుగున్నర గంటలు తేడా. నా యాభై ఎనిమిది గురువారాలు అవి. ముప్పై ఎనిమిదిని తగ్గించి రాద్దామంటే ఆ అంకె ఊరందరి నోళ్ళలో ఉంది.

పొద్దున ఒక ఆలోచన వచ్చింది. మీటరుకి ఏ రోజు గంటలన్నది తెలియదు. తిరిగితే చాలు. పద్నాలుగున్నర గంటలు ఇప్పుడు తిప్పితే అది పుస్తకాన్ని అందుకుంటుంది. ఆ తర్వాత నేను రాసినవన్నీ నిజమే అవుతాయి.

పంపు విడదీసి ఖాళీగా తిప్పాను. సూపరింటెండెంటు తలుపులోంచి చూస్తే, డీజిల్ లైన్లు కడుగుతున్నానండీ అన్నాను. మంచిది మంచిది అన్నారు. ఐదు గంటలు.

ట్యాంకరు పోసింది వేరే డ్రమ్ముల్లో లెక్కకట్టి ఉంది. ఈ డ్రమ్ములో మిగిలింది పల్లపు వీధి వాళ్ళ డీజిలే. బేకరీ ఇంకా తెరవలేదు, పొయ్యిలోకి లేక.

17వ తేదీ, శుక్రవారం

ఇవాళ ఇంజను నాలుగు గంటలు తిరిగాక బాబాయి గుమ్మంలోకి వచ్చాడు. అరకిలోమీటరు దూరంలో ఇంట్లో కూర్చుని విన్నాడట. చప్పుడు పలచగా ఉందన్నాడు.

‘లోడు లేకుండా ఎందుకు తిప్పుతున్నావు తల్లీ?’

లైన్లు కడుగుతున్నానన్నాను. ఆయన మీటరు చూశాడు. బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకం చూశాడు. వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. ఆ వేళ్ళు మడిచే తీరు మా నాన్నదీ అంతే. ఐదో వేలు మడవకుండానే ఆపేశాడు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. ఏదో ఒకటి అనండి, ఆదివారం నుంచి చూస్తున్నాను, తిట్టనైనా తిట్టండి అన్నాను. డబ్బాని సస్పెండ్ చేసిన సంగతి ఆయనకి తెలియదని అప్పుడు అర్థమైంది. నేనే చెప్పాను. ఆయన గోడకి ఆనుకున్నాడు.

ఒప్పుకుంటే ఏం జరుగుతుందో నాకు తెలుసన్నాను. ఒక్క డబ్బా ఒప్పుకున్నవాడికి పదేళ్ళుగా పేరు లేదు. నేను పద్నాలుగు నెలలు ఒప్పుకోవాలి.

‘నేను చెప్పను’ అన్నాడు బాబాయి. ‘చెప్పడానికి నాకు నోరు లేక కాదు. నేను చెబితే అది నా మాట అవుతుంది. నువ్వు చెప్పాల్సింది అలాగే మిగిలిపోతుంది.’

వెళ్తూ కిటికీ దగ్గర ఆగాడు. అక్కడ సీసా ఉంది, పద్నాలుగు నెలల కింద పట్టింది, దుమ్ము పట్టి. తువ్వాలుతో తుడిచి అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

ఇంజను తిరుగుతూనే ఉంది. లోపల ఏ నీరూ ఎత్తకుండా, ఏ వీధినీ కాపాడకుండా, నా కోసం తిరుగుతోంది. ఎందుకని అడగదు అది. వీధిని గట్టెక్కించమంటే గట్టెక్కించింది, అబద్ధాన్ని గట్టెక్కించమంటే దానికీ సిద్ధం. మనం దాన్ని ఇంతకాలం వదలకపోవడానికి అదీ ఒక కారణమేమో.

ఆపేశాను. 2187.4. ఇంకా ఐదు గంటలు, కొన్ని నిమిషాలు మిగిలి ఉన్నాయి.

18వ తేదీ, శనివారం

రాత్రంతా ఆ ఐదు గంటలే. ఇవాళ తిప్పితే సరిపోతుంది. సూపరింటెండెంటు సెలవు, అడిగేవాళ్ళు లేరు.

బేకరీ ముందు నుంచి నడిచి వచ్చాను. అతను మూసిన తలుపు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ‘మీరు లేకపోతే మా వీధి లేదండీ’ అన్నాడు.

స్టేషన్‌కి వచ్చి డ్రమ్ములో మిగిలింది రెండు డబ్బాల్లోకి వంపాను. ఒకటి బేకరీకి, ఒకటి పాల వ్యానుకి ఇచ్చి వచ్చాను. ఎక్కడిదని అడిగితే మీదేనన్నాను.

తర్వాత పుస్తకం తెరిచాను. మొదటి గురువారం పక్కన ఎర్ర పెన్నుతో ‘తిప్పలేదు’ అని రాసి సంతకం పెట్టాను. రెండోది. మూడోది. ఒకే మాట యాభై ఎనిమిది సార్లు. ముప్పయ్యోదానికి చెయ్యి నొప్పి పుట్టింది. అబద్ధం రాసినప్పుడు ఒక్కసారి కూడా నొప్పి పుట్టలేదు. చివర నిన్నటిదీ మొన్నటిదీ కూడా రాశాను: పంపు కలపకుండా తొమ్మిది గంటల ఇరవై నాలుగు నిమిషాలు, మీటరు సరిపెట్టడానికి.

20వ తేదీ, సోమవారం

తనిఖీ ఇంజనీరు ముందే పుస్తకం ఇచ్చాను. ఆయన ఒక్కో పేజీ తిప్పి చూశాడు. సూపరింటెండెంటు ముఖం పాలిపోయింది. బయటికి వచ్చాక అన్నారు, నువ్వు రాయకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదమ్మా అని. ఆయన నిజంగానే బాధపడ్డారు. ఆ బాధలో కొంత నా కోసమే.

నన్ను సస్పెండ్ చేశారు. డబ్బాని వెనక్కి తీసుకున్నారు. తాళాలు అతనికే ఇవ్వాల్సి వచ్చింది, నా చేత్తో. క్షమించమన్నాను.

‘నేను దొంగని గనక నమ్మారు. నువ్వు రాశావు గనక నమ్మారు’ అన్నాడు. తాళాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. క్షమించాననలేదు.

వ్యాసం సంగతి ఎవరూ ఎత్తలేదు. వేలం కూడా వాయిదా వేశారట, ఇంకో బ్యాటరీ గది కట్టేదాకా.

23వ తేదీ, గురువారం

అక్క ఇంట్లో గోడలకి పట్టిన బురద కడుగుతున్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నన్నే అన్నట్టుంటుంది, అయినా కడుగుతున్నాను. అక్కకీ, అత్తగారికీ సోమవారం నాడే చెప్పేశాను. అక్క రెండు రోజులు మాట్లాడలేదు. అత్తగారు మాత్రం, ‘జానెడు వదిలిపెట్టావుగా, అది చాలు’ అంది. అది వెక్కిరింపో ఓదార్పో ఆవిడ చెప్పదు, నేను అడగను. మంచం ఇంకా బల్ల మీదే ఉంది. దించమంటే వద్దంటోంది, వీధి బాగా కనిపిస్తోందట.

ట్యాంకు కడిగి కొత్త డీజిల్ పోశారట. పదింటికి ఇంజను లేచింది. అంత దూరం నుంచి కూడా చప్పుడు బరువుగా ఉంది. పంపు కలిపే తిప్పుతున్నాడు. గుడ్డ బకెట్టులో వేసి గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను. సరిగ్గా పదిహేను నిమిషాలకి ఆగింది.

చమురు లేకుండా బతకాలని నాకు ఇప్పటికీ ఉంది. ఎండ మీద నమ్మకం పోలేదు. కానీ ఆ వ్యాసం ఇప్పుడు రాయమంటే అలవాటు, భయం అని రాయను. చమురు ఒక మూల పడి ఉండి పిలిచినప్పుడు పలుకుతుంది గనక లోకం దాన్ని వదల్లేకపోతోంది అని రాస్తాను. అది పలకాలంటే ఎవరో ఒకరు వారం వారం వెళ్ళి చూడాలి. రేపు దాని బదులు ఏది వచ్చినా అంతే. చూడాల్సిందాన్ని నేను, చూడలేదు.

మధ్యాహ్నం డబ్బా వచ్చాడు. లోపలికి రాలేదు. కిటికీ అవతల నిలబడి సీసా పైకెత్తాడు, బాబాయి సీసా, ఇవాళ పట్టింది.

‘నువ్వు చెప్పు. శుభ్రమేనా?’

చేతులు తుడుచుకుని దగ్గరికి వెళ్ళాను. వెలుతురుకి అడ్డంగా అత్తగారి మంచం ఉంటే ఈ పక్కకి జరిగాను. పైపైన చూస్తే తేనెలా తేటగా ఉంది. అతను తొందరపెట్టలేదు. చాలాసేపు చూశాను.

‘కాదు’ అన్నాను. ‘అడుగున నీళ్ళున్నాయి. గోరంత.’

‘అదే రాశాను’ అన్నాడు. సీసా కిటికీలో పెట్టి వెళ్ళిపోయాడు.